పరుగు మొదలుపెట్టువాని భయము



సంఘ పత్రికలో పరుగును గూర్చి పాఠమేమని కొందరు అడుగవచ్చును. మన గ్రామములలో నేడు పరుగు అవసరమైనవారు చాలమంది ఉన్నారు. పోలీసు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టిన మన పిల్లలు తెల్లవారకముందే చెరువుకట్ట మీదికి పోవుచున్నారు. తెలంగాణలో 2022లో వెలువడిన కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారము పురుషులు 1600 మీటర్లును, స్త్రీలు 800 మీటర్లును నిర్ణీత కాలములో పరుగెత్తవలసియుండెను. అందులో తప్పినవారికి తుది వ్రాతపరీక్షకు పోవు దారి మూసికొనిపోయెను. ఒక్క పరుగుతో ఒక కుటుంబపు ఆశ ముడిపడియుండుట మనమెరిగిన సంగతియే. ఇంకొక ప్రక్క షుగరు, బి.పి. వచ్చిన పెద్దలను ఒళ్లు కదల్చుడని డాక్టరుగారు చెప్పుచున్నారు. నడకతో మొదలుపెట్టి కొంచెము కొంచెముగా పరుగులోనికి రావలెనని కోరుకొను తల్లులును తండ్రులును మనలో ఉన్నారు.

కోరిక ఉన్నను వీరిలో అనేకులు గడప దాటరు. కొందరు దాటి, నాలుగు దినములు పోయి, మానివేయుదురు. కారణమడిగినయెడల తీరికలేదందురు, కాళ్లనొప్పులందురు. నెమ్మదిగా కూర్చుండి మాటలాడినప్పుడు, లోపల నున్నది భయమని బయటపడును. ఊపిరాడదేమోనని భయము, ఊరివారు నవ్వుదురేమోనని భయము, అందరికంటె వెనుకబడుదుమని భయము.

ఈ పాఠములో మనము నేర్చుకొనవలసినది ఒక్కటే. భయము పూర్తిగా పోయిన తరువాత మొదలుపెట్టుదమని కాచుకొని యుండకూడదు. భయము కలిగినప్పుడు అడుగును చిన్నది చేసికొని, ఆ చిన్న అడుగు వేయవలెను. ఈ మాట ఎట్లు నిజమో ఒక్కొక్క భయమును తీసికొని చూతము. ముందుగా ఇంటిలో 1 రాజుల గ్రంథము 18, 19 అధ్యాయములను బిగ్గరగా చదువుకొనుడి.

1. రథమునకు ముందు పరుగెత్తినవాడు

కర్మెలు కొండమీద మబ్బు లేచినప్పుడు ఏలీయా నడుము బిగించుకొని, అహాబు రథమునకు ముందుగా యెజ్రెయేలు వరకు పరుగెత్తెను. ఆ దినమున అతని కాళ్లకు అలసట తెలియలేదు. అయితే యెజెబెలు పంపిన ఒక్క కబురు చెవిని పడగానే ఆ మనుష్యుడే ప్రాణభయముతో బెయేర్షెబాకు పారిపోయెను. అక్కడనుండి ఒంటరిగా అరణ్యములోనికి ఒక దినప్రయాణము పోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చావే మేలని తలంచెను.

భయము బలహీనులకు మాత్రమే వచ్చునని మనమనుకొందుము. రథమును మించి పరుగెత్తినవానికే అది వచ్చినదని ఇక్కడ చూచుచున్నాము. కనుక మనకు భయము కలిగినంత మాత్రమున మనము పనికిరానివారము కాము.

దేవుడు అతనికి చేసిన చికిత్సను కూడ గమనింపుడి. మొదట ఉపదేశము లేదు, గద్దింపు లేదు. అతడు నిద్రపోయెను. దూత అతనిని తట్టి లేపి రొట్టెయు నీళ్లును చూపెను. అతడు తిని త్రాగి మరల పండుకొనెను. దూత రెండవమారు లేపి భోజనము చేయుమనెను. హోరేబునకు నలువది దినముల ప్రయాణము ఆ తరువాతనే మొదలాయెను.

రాత్రి పొద్దుపోవువరకు సెల్‌ఫోను చూచి, నీళ్లు త్రాగక, మూడు గంటల నిద్రతో లేచి మైదానమునకు పోయినవానికి పరుగు కొండవలె కనబడుట సహజము. అతడు దానిని పిరికితనమనుకొనును. అది ఒంటి అలసట కావచ్చును. పరుగును గూర్చి దిగులు పుట్టినప్పుడు, మొదట నిద్రను, నీళ్లను, తిండిని సరిచూచుకొనుడి.

2. ఊపిరిని గూర్చిన భయము

క్రొత్తగా పరుగెత్తువానిని ఎక్కువగా భయపెట్టునది మొదటి రెండు మూడు నిమిషములు. గుండె దడదడ కొట్టుకొనును, రొప్పు వచ్చును, "ఇది నావలన కాదు" అని మనస్సు చెప్పును. ఇక్కడ జరుగునది తెలిసికొన్నయెడల భయము చాలవరకు తగ్గును.

మనము పరుగు మొదలుపెట్టగానే కాలి కండరములకు ప్రాణవాయువు ఎక్కువగా కావలసివచ్చును. గుండెయు ఊపిరితిత్తులును ఆ అవసరమును అందుకొనుటకు కొన్ని నిమిషములు పట్టును. బోరు మోటారు వేసిన వెంటనే కాలువ చివరి మడికి నీరు చేరదు గదా! చేరలేదని మోటారు చెడిపోయినదని ఎవడును అనుకొనడు. కొంచెము సేపు చూచును. మన శరీరము కూడ అట్లే. ఆ మొదటి నిమిషముల రొప్పు చాలవరకు ఈ ఆలస్యము వలన వచ్చునది. అందువలననే పరుగుకు ముందు అయిదు నిమిషములు చురుకుగా నడువవలెను. నడకలోనే నీరు కాలువలోనికి వచ్చియుండును.

రెండవ కారణము వేగము. మన పిల్లలు మొదటి దినముననే పందెములో పరుగెత్తినట్లు పరుగెత్తి, రెండు వందల మీటర్లలో కూలబడుదురు. మొదలుపెట్టువానికి తగిన వేగమును కనుగొనుటకు గడియారము అక్కరలేదు. ప్రక్కనున్నవానితో ఒక పూర్తి వాక్యము చెప్పగలిగినంత నెమ్మదిగా పరుగెత్తవలెను. మాట మధ్యలో తెగిపోవుచున్నయెడల వేగము ఎక్కువైనదని గ్రహించి తగ్గింపుడి. చురుకుగా నడుచువాడు మనలను దాటిపోయినను దోషము లేదు.

గుండెకును ఊపిరికును బలము కొన్ని వారములలో వచ్చును. ఎముకలును కీళ్లును గట్టిపడుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. "నాకు ఊపిరి బాగుగా ఆడుచున్నది" అని ఒక్కసారిగా దూరము పెంచినవానికి మోకాలి క్రింద ముందరి ఎముక వెంబడి నొప్పి వచ్చుట అందుచేతనే.

3. జనుల నవ్వును గూర్చిన భయము

గ్రామములో ఈ భయము చిన్నది కాదు. పట్టణములో ఎవరు పరుగెత్తినను ఎవరును చూడరు. మన ఊరిలో పెళ్లీడు పిల్ల తెల్లవారుజామున బూట్లు వేసికొని రోడ్డుమీదికి వచ్చినయెడల మంచినీళ్ల కుళాయి దగ్గర ఆ దినమంతయు అదే మాట. ఏబది యేండ్ల తల్లి పరుగెత్తినయెడల "ఈ వయస్సులో ఈమెకిదేమి" అందురు. ఈ మాటలు ముల్లువలె గుచ్చుకొనును. వాటిని లెక్కచేయకుడని చెప్పుట సులభము. వినుచు పరుగెత్తుట కష్టము.

వరంగల్లు జిల్లాలోని కల్లెడ గ్రామమునుండి వచ్చిన జీవంజి దీప్తిని గూర్చి మనలో అనేకులు వినియున్నారు. ఆమెది కూలిపని చేసికొని బ్రదికిన కుటుంబము. చిన్ననాట ఆమెను ఎగతాళి చేసినవారు ఊరిలోనే ఉండిరి. ఆమె 2024 మే నెలలో జపాను దేశములోని కోబే పట్టణములో జరిగిన పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీలలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి తన విభాగములో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అదే సంవత్సరము సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకము గెలిచెను.

పరుగెత్తిన ప్రతివారికి పతకము వచ్చునని దీని అర్థము కాదు. నవ్వినవారు ఉన్నట్లే, ఆమె ప్రక్కన నిలిచినవారు కూడ ఉండిరి. విడిచిపెట్టని తలిదండ్రులును, పరుగు నేర్పిన గురువులును ఆమెకుండిరి. నవ్వును ఒంటరిగా భరించుట చాల కష్టము. ఇద్దరుగా భరించుట అంత కష్టము కాదు.

కనుక ఇక్కడ చిన్న అడుగు ఏమనగా, మొదటి రెండు వారములు ఎవరినైనను తోడు తీసికొనిపోవుట. ఆడపిల్ల పరుగెత్తవలసియున్నయెడల తల్లి గాని, పిన్ని గాని, వదిన గాని పాఠశాల మైదానమునకు వెంట పోవలెను. వారు పరుగెత్తనక్కరలేదు, గట్టుమీద కూర్చుండిన చాలును. పది దినములు గడచునప్పటికి కుళాయి దగ్గర మాటలాడుటకు ఇంకొక సంగతి దొరకును.

4. వెనుకబడుదుమను భయము

పునరుత్థాన దినమున పేతురును మరియొక శిష్యుడును సమాధియొద్దకు కలిసి పరుగెత్తిన సంగతి యోహాను సువార్త 20వ అధ్యాయములో ఉన్నది. ఆ శిష్యుడు పేతురుకంటె వేగముగా పరుగెత్తి ముందు చేరెను. అయినను వెలుపలనే ఆగెను. పేతురు వెనుక వచ్చి ముందుగా లోపలికి పోయెను. ఇద్దరును చేరిరి, ఇద్దరును చూచిరి. వెనుక వచ్చినందుకు పేతురును సువార్త చిన్నబుచ్చలేదు.

మన కాలములో ఫౌజా సింగు అను పంజాబు వృద్ధుడు ఉండెను. జలంధరు ప్రాంతపు గ్రామములో పుట్టిన రైతు ఆయన. పాస్‌పోర్టు ప్రకారము ఆయన జన్మ సంవత్సరము 1911. చిన్ననాట కాళ్లు సన్నగా, బలహీనముగా ఉండి చాల ఆలస్యముగా నడక నేర్చెను. కుమారుని మరణదుఃఖమును మోసికొని ఇంగ్లండులో నివసించుచు, ముసలితనములో పరుగునందు ఆదరణ పొందెను. 2000 సంవత్సరమున, 89వ యేట, లండను మారథాను పరుగెత్తెను. మారథాను అనగా 42 కిలోమీటర్లకు పైన. 2011లో నూరవ యేట టొరంటో పట్టణములో అదే దూరమును 8 గంటలకు కొంచెము మించిన కాలములో ముగించెను. మొదట వచ్చినవారు ఆయనకంటె ఎన్నో గంటలు ముందుగా చేరియుండిరి. అయినను లోకము జ్ఞాపకముంచుకొన్నది ఆ వృద్ధుని. ఆయన 2025 జూలైలో స్వగ్రామము దగ్గర వాహనము తగిలి మరణించెను.

ప్రక్కవానితో పోల్చుకొనునప్పుడు మనకు తెలియని సంగతులెన్నో ఉండును. అతడు ఎన్ని నెలలనుండి పరుగెత్తుచున్నాడో, అతని వయస్సేమో, అతని ఆరోగ్యమేమో మనమెరుగము. మనము నిజముగా పోల్చుకొనగలిగినది పోయిన వారపు మన పరుగుతో మాత్రమే. ఉద్యోగపు పరీక్షకు గడియారము ఉన్నమాట నిజమే. అయితే ఆ గడియారమును మొదటి దినముననే చేతపట్టుకొన్నవాడు భయపడి మానును. ముందు ఆగకుండ పరుగెత్తుట నేర్చి, తరువాత వేగము నేర్వవలెను. ఇందుకు నెలలు కావలెను గనుక, హాల్ టికెట్టు వచ్చువరకు ఆగక, దరఖాస్తు పెట్టకముందే మొదలుపెట్టుడి.

5. మానుకొనకూడని భయము

భయములన్నియు వ్యర్థమైనవి కావు. కొన్ని మనలను కాపాడుటకే ఉన్నవి. వాటికి భయపడి తగిన జాగ్రత్త తీసికొనుట బుద్ధిమంతుల లక్షణము.

షుగరు, బి.పి., గుండెజబ్బు ఉన్నవారును, చాలకాలము ఒళ్లు కదల్చని పెద్దలును ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపించుకొని పిమ్మట మొదలుపెట్టవలెను. పరుగులో రొమ్ము బిగపట్టినట్లున్నను, నొప్పి చేతికి గాని దవడకు గాని ప్రాకినను, కండ్లు తిరిగినను వెంటనే ఆగి వైద్యసహాయము పొందవలెను. అక్కడ ధైర్యము చూపనక్కరలేదు.

పరుగెత్తిన మరునాడును మూడవనాడును తొడలు, పిక్కలు పచ్చిగా నొచ్చుట మామూలు, అది తగ్గిపోవును. ఒకేచోట సూదితో పొడిచినట్లుండి, పరుగెత్తిన కొలది ఎక్కువగు నొప్పి మామూలు కాదు. దానికి విశ్రాంతి ఇయ్యవలెను.

ఎండాకాలములో సూర్యోదయమునకు పూర్వమే ముగించుకొనుడి. చీకటిలో పాములుండును గనుక గట్టు వెంబడి పోవునప్పుడు టార్చిలైటు ఉండవలెను. రోడ్డుమీద కుడిప్రక్కన పోయినయెడల ఎదురుగా వచ్చు వాహనములు మనకు కనబడును. కుక్కలు వెంటబడినప్పుడు పరుగెత్తకూడదు. పరుగు చూచి అవి ఇంకను తరుమును. ఆగి, వాటి కండ్లలోనికి చూడక, కదలక నిలిచి, నెమ్మదిగా వెనుకకు జరుగవలెను. కరచినయెడల గాయమును సబ్బుతోను పారు నీళ్లతోను పదిహేను నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను.

6. చిన్న అడుగుల పద్ధతి

కొరింథు పట్టణమునకు సమీపమున ఇస్త్మియా అనుచోట రెండేండ్ల కొకసారి పరుగు పందెములు జరిగెడివి. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములో ఆ పరుగును ఉదాహరణముగా తీసికొనెను. వారు ఎరిగిన మైదానమునే ఆయన చూపెను. గెలుపు ఒక్క దినమున కలుగునది కాదనియు, దాని వెనుక అనుదినము శరీరమును అదుపులో పెట్టుకొను క్రమము ఉండుననియు వారెరుగుదురు.

అట్టి క్రమము ఒకటి క్రొత్తవారికొరకు ఉన్నది. 1996లో అమెరికాలో జాష్ క్లార్కు అను యువకుడు, ఏబది దాటిన తన తల్లివంటివారు కూడ పరుగు నేర్చుకొనునట్లు తొమ్మిది వారముల పద్ధతి నొకటి కట్టెను. ఇప్పుడు అనేక దేశములలో దానిని అనుసరించుచున్నారు. వారమునకు మూడు దినములు మాత్రమే పరుగు. మధ్య దినములు విశ్రాంతి. మొదటి వారములో అయిదు నిమిషముల చురుకైన నడక తరువాత, 60 సెకండ్లు నెమ్మదిగా పరుగెత్తి 90 సెకండ్లు నడువవలెను. ఇట్లు మార్చి మార్చి 20 నిమిషములు. తొమ్మిదవ వారమునకు ఆగకుండ 30 నిమిషములు పరుగెత్తగలుగుదురు.

ఈ పద్ధతిలో క్రొత్తవారు అందరును జంకు దినము ఒకటి కలదు. అయిదవ వారము మొదటి దినమున మూడు అయిదు నిమిషముల పరుగులు, మధ్య నడక. రెండవ దినమున రెండు ఎనిమిది నిమిషముల పరుగులు. మూడవ దినమున నడక లేకుండ 20 నిమిషముల పరుగు! కాగితము మీద చూచినవానికి గుండె జారును. అయితే నాలుగు వారములనుండి వేసిన చిన్న అడుగులు ఆ దినమునకు బలమును కూడబెట్టియుండును. చాల నెమ్మదిగా పోయినయెడల అనేకులు దానిని ముగింపగలుగుదురు. ముగింపలేనివారు ఓడిపోయినవారు కారు. ఆ వారమునే మరల చేయవచ్చును. తొమ్మిది వారముల పని పదునాలుగు వారములు పట్టినను మనలనుండి ఎవరును జరిమానా వసూలు చేయరు.

7. మన మనస్సుతో మాటలాడు విధము

పరుగెత్తునప్పుడు మనలో ఒక మాట ఎడతెగక నడచుచుండును. "చేతకాదు, చేతకాదు" అని అది చెప్పినప్పుడు, "నేను గొప్పవాడను" అని దానితో వాదించుటవలన లాభము లేదు. మనస్సు దానిని నమ్మదు. నిజమైన మాట చెప్పవలెను. "పోయిన వారము ఒక నిమిషము పరుగెత్తితిని, నేడు నిమిషమున్నర పరుగెత్తితిని" అన్నయెడల మనస్సు కాదనలేదు.

ఇందుకు ఒక చిన్న నోటుపుస్తకము ఉంచుకొనుడి. తేదీ, ఎంతసేపు పరుగెత్తితిమి, ఎట్లుండెను, అని మూడు మాటలు వ్రాయుడి. నెల గడచిన తరువాత మొదటి పుట చదివినయెడల, మనము ఎక్కడనుండి ఎక్కడికి వచ్చితిమో కండ్లకు కనబడును. చదువురాని తల్లులు గోడమీద బొగ్గుతో గీత గీసికొన్నను చాలును.

దూరమును కూడ ముక్కలు చేయుడి. "చెరువుకట్ట చివరివరకు" అనుకొన్నయెడల కాళ్లు బరువెక్కును. "ఆ తాటిచెట్టు వరకు" అనుకొని, అక్కడికి చేరిన తరువాత తూము వరకు అనుకొనుడి.

నాట్లు వచ్చును, జ్వరము వచ్చును, చుట్టములు వత్తురు, మధ్యలో మానవలసివచ్చును. పది దినములు మానినవాడు "అంతయు పోయినది" అని కూర్చుండుట చూచుచున్నాము. అంతయు పోదు. ఒక వారము వెనుకకు పోయి అక్కడనుండి మొదలుపెట్టవలెను.

సంఘములో చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. ఏలీయా భయపడినప్పుడు అతనికి మొదట కావలసినది ఏమి? మన ఇంటిలో దిగులుపడినవానికి మనము మొదట ఏమిచ్చుచున్నాము?

2. మన ఊరిలో పరుగెత్తవలసియుండియు నవ్వుకు భయపడి మానిన ఆడపిల్లలు ఎవరైన ఉన్నారా? వారితో గట్టుమీద కూర్చుండుటకు మన స్త్రీల సమాజమునుండి ఎవరు పోగలరు?

3. జాగ్రత్తపడవలసిన భయమునకును, విడువవలసిన భయమునకును భేదమేమి? ఒక్కొక్క ఉదాహరణము చెప్పుడి.

4. పరీక్షలో పరుగు తప్పి తిరిగివచ్చిన యువకునితో మనము ఏమి మాటలాడవలెను? ఏమి మాటలాడకూడదు?

ఈ నాలుగవ ప్రశ్నను తొందరపడి దాటిపోకుడి. పరుగు తప్పిన పిల్లవాడు ఇంటికి వచ్చు దారిలో మోయు బరువు చాల పెద్దది. తలిదండ్రులు చేసిన అప్పు, తోటివారి గెలుపు, ఊరివారి ప్రశ్నలు అతని తలమీద ఉండును. ఆ సాయంకాలము అతని ఇంటికి పోయి, "ఎన్ని సెకండ్లలో తప్పినది?" అని అడుగక, భోజనము చేసెనో లేదో కనుగొనుడి. కొన్ని దినములైన తరువాత, మరల మొదటి వారపు 60 సెకండ్ల పరుగునుండి మొదలుపెట్టుటకు అతడు సిద్ధపడినప్పుడు, వెంట పోవుటకు మనలో ఒకరు తెల్లవారుజామున లేవవలెను.